స్త్రీల క్యాన్సరు వ్యాధులలో రక్తనాళ వృద్ధికారకముల పాత్ర

దేహములోని ప్రతి జీవకణమునకును ఆహారము, ప్రాణవాయువు రక్తము వలననే అందవలెను. వెండ్రుకకన్న సన్నమైన కేశనాళికకు మిల్లీమీటరులో పదవవంతో, మిక్కిలి యైనచో ఐదవవంతో దూరమున నున్నంతవరకే కణము బ్రతుకగలదు. అంతకు మించి దూరమైనచో కాలువ చివరి చేనివలె ఎండిపోవును. క్యాన్సరు కణమును ఈ నియమమునకు లోబడినదే. అది యెంత దుడుకుగ పెరుగు స్వభావము కలదైనను, తనకు రక్తము తెచ్చు కాలువను త్రవ్వించుకొననిదే ఆవగింజంత కంతి నిమ్మకాయంత కాజాలదు.

ఈ కాలువలను త్రవ్వించు రసాయనిక సంకేతములకే రక్తనాళ వృద్ధికారకములని పేరు. వీనిలో ముఖ్యమైనది రక్తనాళ అంతస్తర వృద్ధికారకము. దీనిని వైద్యులు సంక్షేపముగ వి.ఇ.జి.ఎఫ్. అని వ్యవహరింతురు. క్యాన్సరు వ్యాధులన్నిటియందును దీనికి పాత్ర గలదు. కాని స్త్రీల జననాంగములకు సోకు క్యాన్సరులలో దీని పాత్ర విశేషమైనది. ఏలయన, వయసు వచ్చిన దేహములో క్రొత్త రక్తనాళములను నెలనెలకు సహజముగ పుట్టించు అవయవములు అవియే. అందుచే ఆ అవయవములలో పుట్టిన కంతి క్రొత్త విద్య నేర్వనక్కరలేదు. ఇంటిలోనున్న పనిముట్టునే అది దొంగిలించి వాడుకొనును. ఈ సంగతి తెలిసిన పిమ్మట ఒక క్రొత్త చికిత్స పుట్టినది. ఆ చికిత్స యేమి యీయగలదో, యేమి యీయజాలదో తెలిసికొనుట ప్రతి కుటుంబమునకును అవసరము.

సహజ ధర్మము

పెద్దవారి దేహములో రక్తనాళములు సామాన్యముగ నిద్రాణములై యుండును. వాని లోపలి పొరలోని కణములు ఏండ్ల తరబడి విభజనము లేక నిలిచియుండును. గాయము మానునప్పుడు తక్క వానికి మేల్కొనవలసిన పని యుండదు. స్త్రీ దేహము మాత్రము ఇందుకు అపవాదము.

ప్రతి మాసమును అండాశయమున ఒక అండము పక్వమై వెలువడిన పిదప, అది విడిచిన తిత్తి పసుపు వన్నె గల చిన్న గ్రంథిగ మారును. దీనిని పీతగ్రంథి యనవచ్చును. గర్భమును నిలుపు ప్రొజెస్టెరాను అను హార్మోనును స్రవించుట దీని పని. కొలది దినములలోనే ఈ గ్రంథి దట్టమైన కేశనాళికల వలతో నిండిపోవును. ఆ నాళములను రప్పించునది వి.ఇ.జి.ఎఫ్. 1998లో ఎలుకలపై చేసిన ప్రయోగమున ఈ కారకమును అడ్డగింపగా పీతగ్రంథి ఏర్పడనే లేదు. గర్భము నిలువనిచో కొన్ని దినములకే ఆ నాళములన్నియు క్షీణించి గ్రంథి మాసిపోవును.

గర్భాశయపు లోపొర కథయు నిట్టిదే. ఋతుస్రావముతో రాలిపోయిన పొర మరల పెరుగునప్పుడు దానితోపాటు రక్తనాళములును మరల పెరుగును. ఇక గర్భము ధరించినపుడు మావి తల్లి రక్తనాళములలోనికి చొచ్చుకొనిపోయి శిశువునకు ఆహారమును సంపాదించును. ఈ కారకము లేక శిశువే లేదు. దీని జన్యువు రెండు ప్రతులలో ఒక్కటి లోపించినను ఎలుక పిండము గర్భములోనే మరణించునని 1996లో రుజువయ్యెను.

ఆరోగ్యవంతమైన దేహములో ఈ ప్రక్రియకు ఆరంభము కలదు, అంతము కలదు. తూము ఎత్తువారును దించువారును ఉందురు. క్యాన్సరులో తూము ఎత్తబడును గాని దించువారు లేరు. ఇదియే భేదము.

ఆవిష్కరణ క్రమము

1960వ దశకపు ప్రారంభమున అమెరికా నౌకాదళ వైద్య పరిశోధనశాలలో జూడా ఫోక్‌మన్ అను యువ శస్త్రవైద్యుడు, ఫ్రెడరిక్ బెకర్ అను సహచరునితో కూడి రక్తమునకు మారుగ వాడదగిన ద్రవమును అన్వేషించుచుండెను. దేహమునుండి వేరుచేసిన కంఠగ్రంథులను గాజుపాత్రలలో నుంచి, ఆ ద్రవమును వానిగుండ పారించి బ్రతికించుచు, అందులో క్యాన్సరు కణములను నాటి చూచెను. అవి ఒకటి రెండు మిల్లీమీటర్ల వరకు పెరిగి అంతటితో నిలిచిపోయెను. చచ్చినవి కావు. ఆ కణములనే ఎలుకలలో నాటగా విజృంభించి పెరిగెను. గాజుపాత్రలో లేనిదియు ఎలుకలో నున్నదియు ఒక్కటే: క్రొత్త రక్తనాళములు పుట్టగల శక్తి.

ఈ యనుభవమును, తరువాతి పరిశోధనలను పురస్కరించుకొని ఫోక్‌మన్ 1971లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. కంతి తన పరిసరములలోని రక్తనాళములను పిలుచుకొను పదార్థమును స్రవించుననియు, ఆ పిలుపును ఆపగలిగినచో కంతి పెరుగుదల ఆగుననియు ఆతని వాదము. ఆనాటి పండితులలో చాలమంది దీనిని నమ్మలేదు. కంతిచుట్టు కనిపించు నాళములు వాపు వలన కలిగినవే యని వారి తలంపు.

మరియొక దారి జలోదరమునుండి వచ్చినది. క్యాన్సరు సోకిన సీమపందికొక్కుల ఉదరమున ద్రవము నిండుటకు కారణమేమని శోధించుచు, డోనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వొరాక్ ప్రభృతులు 1983లో రక్తనాళముల గోడలను కారునట్లు చేయు ఒక మాంసకృత్తును వెల్లడించిరి. 1989లో కాలిఫోర్నియాలో నపోలియోని ఫెరారా ఆవుల పీయూషగ్రంథి కణములనుండి రక్తనాళ కణములను వృద్ధిచేయు ఒక మాంసకృత్తును వేరుపరచెను. ఆ యేడాదియే ఆ రెండును ఒకే పదార్థమని తేలెను. నాళములను పెంచునదియు, వానిని కారునట్లు చేయునదియు ఒక్కటే. స్త్రీల క్యాన్సరులను గ్రహించుటకు ఈ రెండు గుణములును జ్ఞాపకముంచుకొనదగినవి.

కంతి ఈ పదార్థమును ఎప్పుడు స్రవించును? కణములకు ప్రాణవాయువు చాలనపుడు. ప్రతి కణమునందును ప్రాణవాయువు కొరతను కనిపెట్టు ఒక మాంసకృత్తు గలదు. దానికి హెచ్.ఐ.ఎఫ్. అని సంక్షేప నామము. వాయువు సమృద్ధిగ నున్నంతకాలము కణము దానిని వెంటవెంటనే నాశనము చేయుచుండును. వాయువు తగ్గినపుడు అది నిలిచి, జన్యువును మేల్కొలిపి, వి.ఇ.జి.ఎఫ్.ను తయారుచేయించును. ఈ యంత్రాంగమును వెల్లడించిన విలియమ్ కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజా అను మువ్వురకు 2019లో వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

స్రవించిన కారకము సమీప రక్తనాళము చేరి, దాని లోపొర కణములపై నుండు గ్రాహకములకు తాళపుచెవివలె అమరును. వెంటనే ఆ కణములు విభజనమునొంది, కంతి వైపునకు మొలకలెత్తి, క్రొత్త నాళములుగ సాగును. అయితే ఈ నాళములు సక్రమమైనవి కావు. వంకరలు తిరిగి, గోడలు పలుచనై, ఎల్లవేళల కారుచుండును.

అండాశయ క్యాన్సరు

అండాశయ క్యాన్సరు నెమ్మదిగ నడచు శత్రువు. తొలిదశలో నొప్పిగాని రక్తస్రావముగాని విశేషముగ నుండదు. కణములు ఉదరకుహరమున గింజలవలె చల్లబడి పొరలపై అంటుకొనును. అవి స్రవించు వి.ఇ.జి.ఎఫ్. ఉదరపు పొరలోని నాళములను కారునట్లు చేయును. అందుచే కడుపులో నీరు చేరును. ఆయుర్వేదము జలోదరమని చెప్పు లక్షణమునకు ఇచ్చట ఇదియొక ముఖ్య కారణము. కడుపు ఉబ్బుట, కొంచెము తినగనే నిండినట్లుండుట, పొత్తికడుపున బరువు, మాటిమాటికి మూత్రవిసర్జన కావలసివచ్చుట ఇందలి చిహ్నములు. వీనిని అజీర్ణమనియో, వాయువనియో, వయసు మహిమయనియో భావించి మాసములు గడుపువారు పెక్కుమంది. రెండు మూడు వారములు విడువక నిలిచిన ఉబ్బరమును వైద్యునకు చూపుట యుక్తము.

వి.ఇ.జి.ఎఫ్.ను పట్టి బంధించు యాంటీబాడీ యొకటి, బెవసిజుమాబ్ అను పేర, 2004లో అమెరికాలో ప్రేవుల క్యాన్సరునకు అనుమతి పొందెను. ఆ తరువాత అండాశయ క్యాన్సరులో దీనిని పరీక్షించిరి. 2011లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరీక్షలో 1,873 మంది స్త్రీలు పాల్గొనిరి. మామూలు మందులు మాత్రమే పొందినవారిలో వ్యాధి మరల ముదురుటకు మధ్యమ కాలము 10.3 మాసములు. బెవసిజుమాబును మొదటినుండి చేర్చి తరువాతను కొనసాగించినవారిలో అది 14.1 మాసములు. వ్యాధి వెనుకకు నెట్టబడినది నిజము. కాని మొత్తము ఆయుష్షులో గణనీయమైన భేదము కానరాలేదు. అదే యేడు వెలువడిన మరియొక పరీక్షలో 1,528 మంది పాల్గొనిరి. శస్త్రచికిత్స తరువాతను కంతి ఎక్కువగ మిగిలినవారివంటి ప్రమాదస్థితిలో నున్న స్త్రీలకు మాత్రము ఆయుష్షునందును లాభము కనిపించెను.

ప్లాటినము జాతి మందులకు లొంగని దశలో నున్న 361 మందిపై జరిగిన పరీక్షలో వ్యాధి నిలుకడ కాలము 3.4 మాసములనుండి 6.7 మాసములకు పెరిగెను. అట్టివారి కడుపు బాధలు తగ్గుటయు గమనింపబడెను. కారు నాళములను కట్టివేసినచో నీరు చేరుట తగ్గును గదా. ఆయుష్షును పెంచకున్నను, నీరు తీయించుకొనుటకై మాటిమాటికి ఆసుపత్రికి పోవు బాధ తగ్గుట రోగికి స్వల్పమైన మేలు కాదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరు

భారతదేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరు తరువాతి స్థానము దీనిదే. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారము దేశమున ఆ యేట సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగ సోకెను. సుమారు 80,000 మంది మరణించిరి.

దీనికి మూలము హ్యూమన్ పాపిలోమా వైరసు. ఈ సంగతిని స్థాపించిన జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 2008లో నోబెలు బహుమానము నందెను. ఈ వైరసు తన రెండు మాంసకృత్తులతో కణములోని కావలివాండ్రను చంపును. ఇ6 అనునది పి53 అను కావలివానిని, ఇ7 అనునది ఆర్‌బి అను కావలివానిని నిర్వీర్యము చేయును. ఈ కావలివాండ్ర పని కణముల విచ్చలవిడి విభజనమును ఆపుట మాత్రమే కాదు. వి.ఇ.జి.ఎఫ్. ఉత్పత్తిని అదుపులో నుంచుటయు వారి పనియే. కాబట్టి వైరసు ఒక్క దెబ్బతో రెండు తలుపులు తెరచుచున్నది. కణము పెరుగుట కడ్డులేదు, నాళములు వచ్చుటకును అడ్డులేదు. మచ్చను పరిశీలించు వైద్యుడు ఆ చోట వంకరటింకరగ తిరిగిన నాళములను చూచి అనుమానపడుట ఇందువలననే. సంభోగానంతరము రక్తము కనబడుటకును ఆ పెళుసు నాళములే హేతువు.

శస్త్రచికిత్సకు, రేడియేషనుకు అందని దశ చేరిన 452 మంది స్త్రీలపై జరిగిన పరీక్షా ఫలితములు 2014లో ప్రకటింపబడెను. మామూలు మందులతో మధ్యమ ఆయుష్షు 13.3 మాసములు కాగా, బెవసిజుమాబు చేర్చినవారిలో అది 17.0 మాసములు. ఆ దశలో ఆయుష్షును స్పష్టముగ పెంచిన మందు అంతకు పూర్వము దొరకుట అరుదు. ఆ యేటనే అమెరికాలో దీనికి అనుమతి లభించెను. అయితే మూల్యము చెల్లింపక తప్పలేదు. చికిత్స అవసరమగు రక్తపుపోటు మందు పొందినవారిలో నూటికి 25 మందికి, పొందనివారిలో ఇద్దరికి మాత్రమే కలిగెను. రక్తము గడ్డకట్టుటవలని తీవ్రోపద్రవములు నూటికి 8 మందికి వచ్చెను. కొందరియందు ప్రేవునకు యోనికి నడుమ రంధ్రము లేర్పడెను. ఇవి పూర్వము రేడియేషను పొందిన వారియందే కానవచ్చెను.

గర్భాశయపు లోపొర క్యాన్సరు

ఇది ప్రాయికముగ ముట్టుడిగిన స్త్రీలకు వచ్చును. ఈస్ట్రొజెను అను హార్మోను ఈ పొరను పెంచును. దానితోపాటు వి.ఇ.జి.ఎఫ్.ను హెచ్చించును. ముట్టుడిగిన పిదప అండాశయము ఈ హార్మోనును స్రవించుట మానినను, దేహమునందలి క్రొవ్వు కొంత తయారుచేయుచునే యుండును. స్థూలకాయులకు ఈ వ్యాధి ఎక్కువగ వచ్చుటకు ఇది ముఖ్య కారణము. ముట్టుడిగిన తరువాత ఒక్క చుక్క రక్తము కనబడినను అది పరీక్షింపదగిన సంగతి. ఈ చిహ్నము తొందరగ బయటపడుట వలననే చాలమందికి శస్త్రచికిత్సతో గుణము చిక్కుచున్నది.

వ్యాధి ముదిరినవారికి వేరొక పద్ధతి ఏర్పడినది. లెన్వాటినిబ్ అను మాత్ర వి.ఇ.జి.ఎఫ్.ను పట్టదు. అది గ్రాహకము లోపలి వైపున చేరి, తాళము తిరుగకుండ చేయును. దీనితోపాటు దేహపు స్వరక్షణ శక్తిని మేల్కొలుపు పెంబ్రోలిజుమాబ్ అను మందు నిచ్చిన పరీక్షలో 827 మంది పాల్గొనిరి. 2022లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము మధ్యమ ఆయుష్షు 11.4 మాసములనుండి 18.3 మాసములకు పెరిగెను. వి.ఇ.జి.ఎఫ్. నాళములను పెంచుటయే గాక రక్షక కణములను కంతిలోనికి రానీయదు. దానిని అడ్డగించినచో ఆ దారియు తెరువబడునని ఈ జంట చికిత్సకు ఆధారము.

మావి క్యాన్సరు, ఎల్లాప్రగడ సుబ్బారావు

జననాంగముల కంతులలో రక్తమునందు అత్యంతము మునిగియుండునది కోరియోకార్సినోమా. ఇది మావి కణములనుండి, ముఖ్యముగ ముత్యాల గర్భమని జనులు చెప్పు వికృత గర్భము పిమ్మట, పుట్టును. తల్లి నాళములను చొచ్చుట మావి కణముల సహజ విద్య. ఆ విద్య అదుపు తప్పగా కణములు రక్తముతోపాటు ఊపిరితిత్తులకు, మెదడునకు ప్రాకును. ఒకప్పుడు ఇది వ్యాపించినదనిన మరణమే.

భీమవరమున 1895లో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకేగిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లముపై పరిశోధనలను నడిపెను. కణము విభజనమునకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దాని రూపమునే ధరించి, దాని పనిని చెరచు పదార్థములు ఆయన నాయకత్వమున రూపొందెను. 1948లో ఆయన మరణించెను. ఆ జాతికి చెందిన మెథోట్రెక్సేటును అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ప్రభృతులు కోరియోకార్సినోమా సోకిన స్త్రీలకిచ్చి, ఊపిరితిత్తులలోని కంతులు కరగిపోవుటను 1956లో ప్రకటించిరి. గట్టి కంతిగ నుండు క్యాన్సరులలో మందుచేతనే కుదిరిన మొదటిది ఇదియే.

ఇందొక పాఠము కలదు. రక్తనాళములతో మిక్కిలి పెనగొనిన క్యాన్సరే నాళములను ముట్టని మందునకు లొంగినది. ఒక రహస్యము తెలిసినంతనే దానిని కొట్టిన మందే సర్వరోగ నివారిణి కాదు. ఏ కంతి బలహీనత ఎచ్చటనో దానిని వెదకి కొట్టవలెను.

మందు హద్దులు

రక్తము నిలిపినచో కంతి చచ్చునన్న ఆశ ఏల సంపూర్ణముగ నెరవేరలేదు? మొదటి కారణము, కంతికి దారి ఒక్కటి కాదు. వి.ఇ.జి.ఎఫ్.ను మూసినచో ఇతర వృద్ధికారకములతో నాళములను పిలుచుకొనును. లేదా క్రొత్తవి పుట్టింపక ఉన్న నాళములచుట్టే చేరి బ్రతుకును. రెండవది, మందు ఆపినపుడు నాళములు మరల మొలచును.

మరి మేలు ఎట్లు కలుగుచున్నది? హార్వర్డు విశ్వవిద్యాలయమున పనిచేయు భారతీయ శాస్త్రజ్ఞుడు రాకేశ్ జైన్ 2001లో ఒక వివరణము నిచ్చెను. తగు మోతాదులో ఈ మందు నాళములను సమూలముగ నశింపజేయదు. వంకర నాళములను కొంతకాలము చక్కజేయును. అప్పుడు కంతి లోపలికి రక్తము సరిగ పారి, దానితోపాటు క్యాన్సరు మందును చేరును. అందుకే బెవసిజుమాబు సామాన్యముగ ఇతర మందులతో కలిపియే ఈయబడును.

ఈ మందు దేహపు సహజ నాళములనును ముట్టును. కావున రక్తపుపోటును, మూత్రములో మాంసకృత్తును తరచు పరీక్షింపవలెను. గాయములు మానుట ఆలస్యమగును గనుక పెద్ద శస్త్రచికిత్సకు ముందును పిదపను కనీసము 28 దినములు ఎడము పాటింతురు. ప్రేవునకు రంధ్రము పడుట అరుదైనను ప్రాణాంతకము. తీవ్రమైన కడుపునొప్పి వచ్చినచో తెల్లవారువరకు వేచియుండరాదు.

ధర విషయమున కొంత ఉపశమనము కలిగినది. మూల ఔషధమునకు సరిపోలు మందును హైదరాబాదులోని హెటిరో సంస్థ 2016లోను, బెంగుళూరులోని బయోకాన్ సంస్థ 2017లోను విడుదల చేసెను. అయినను మాసముల తరబడి సాగు చికిత్స సామాన్య కుటుంబమునకు భారమే. పొలమో నగలో విడువవలసిన ఘట్టమున రోగియు బంధువులును వైద్యుని స్పష్టముగ అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఈ దశలో ఈ మందు ఆయుష్షును పెంచునా, వ్యాధిని కొంతకాలము నిలుపునా, బాధను తగ్గించునా? మూడును మేలులే. కాని మూడును ఒకటి కావు. వీని భేదము తెలిసి చేయు వ్యయము వేరు, తెలియక చేయు వ్యయము వేరు.

తూము తెరువకముందే

పైన చెప్పిన లెక్కలలో మందు తెచ్చిన లాభము మాసములలో నున్నది. ముఖద్వార క్యాన్సరు విషయమున సంవత్సరములను, జీవితములను సంపాదించు దారి వేరొకటి తెరచియున్నది. వైరసు సోకిన పిదప క్యాన్సరు ఏర్పడుటకు సామాన్యముగ పది పదునైదేండ్లు పట్టును. నాళములను పిలుచుకొను శక్తి కంతికి కలుగకముందే దానిని కనిపెట్టి తొలగించుటకు ఇది చాలిన వ్యవధి.

ఈ సత్యము దక్షిణాపథపు పల్లెలలోనే రుజువైనది. తమిళనాడులోని దిండిగల్లు జిల్లాలో 30 మొదలు 59 ఏండ్ల స్త్రీల గర్భాశయ ముఖమునకు పలుచని వెనిగరును పూసి, తెల్లబడిన మచ్చలను గుర్తించి చికిత్స చేసిరి. ఈ వ్యాధివలని మరణములు నూటికి 35 వంతులు తగ్గినట్లు 2007లో ప్రకటించిరి. పూర్వము హైదరాబాదు సంస్థానములో నుండి 1956లో బొంబాయి రాష్ట్రమున చేరిన ఉస్మానాబాదు జిల్లాలో, అనగా నేటి ధారాశివమున, 1,31,746 మంది స్త్రీలపై మరియొక పరీక్ష జరిగెను. జీవితమున ఒక్కసారి వైరసు పరీక్ష చేసినంతనే మరణములు సుమారు సగమునకు తగ్గినట్లు 2009లో తేలెను. వేల రూపాయల యాంటీబాడీ నాలుగు మాసములిచ్చిన చోట, ఒక్క పరీక్ష నిండు ప్రాణమునే నిలిపినది.

టీకా ఇంతకును ముందటి మెట్టు. ముఖద్వార క్యాన్సరులలో నూటికి సుమారు 70 వైరసులోని 16, 18 సంఖ్యల రకములవలననే కలుగును. వీనిని ఎదుర్కొను టీకాను పూనాలోని సీరం సంస్థ సెర్వవాక్ అను పేర తయారుచేయగా 2022లో అనుమతి లభించినది. తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ఒకటి లేక రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ యేడే తెలిపెను. టీకా పొందినవారును పెద్దయైన పిదప పరీక్ష మానరాదు.

ఇందు ప్రవాసాంధ్ర కుటుంబములకు ప్రత్యేకముగ చెందిన మాట యొకటి కలదు. ఇంట తెలుగు, వీధిని కన్నడమో తమిళమో ఒరియాయో మరాఠీయో మాటాడు కుటుంబములలో ముదుసలి స్త్రీలు తమ దేహబాధలను ఇంటిభాషలోనే చెప్పుకొందురు. తెల్లబట్ట, ముట్టు, పొత్తికడుపు అను మాటలు వైద్యుని యెదుట నోటికి రావు. వినవలసినవారు ఇంటిలోని కుమార్తెలును కోడండ్రును. ముట్టుడిగి యేండ్లు గడచిన అత్తగారు “మరల కొంచెము కనబడినదమ్మా” అనినప్పుడు దానిని సిగ్గుమాటగ గాక రోగచిహ్నముగ గ్రహించి, వైద్యునకు ఆ ప్రాంతపు భాషలో తెలియజెప్పుట వారి కర్తవ్యము. సంఘములు తమ వార్షిక సమావేశములతోపాటు ఒక దినము స్త్రీల పరీక్షలకు కేటాయించినచో ఆ పని సులభమగును.

క్యాన్సరు తన కాలువను త్రవ్వుకొనుటకు కొన్ని యేండ్లు తీసికొనును. ఆ యేండ్లు కుటుంబమునవి. వానిని సద్వినియోగము చేసికొనినచో నాళములను బంధించు మందుల అవసరము పెక్కుమందికి రాదు. వచ్చినవారికి ఆ మందులు కలవు. వాని బలమును హద్దును ఎరిగి వాడుకొనుట వివేకము.